ముందు నీటి దారి, ఆ తర్వాతే మొక్క: ల్యాండ్‌స్కేప్ పనులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానాకాలానికి ముందు ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఏ మొక్క నాటాలి, ఎక్కడ దొరుకుతుంది అన్న వాటి గురించే ఉంటాయి. ఈసారి హనుమకొండ నుంచి మంచిర్యాల దాకా వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి మొక్క పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు. నేల వాలు, వాన నీరు పోయే దారి, ఆ స్థలాన్ని రోజూ వాడుకునే మనుషులు, అనుమతులు, ఖర్చు అన్నీ ముడిపడిన ప్రశ్నలవి. అందువల్ల ఈ నెల శీర్షిక మొత్తాన్నీ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చేసే పనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: హనుమకొండ శివార్లలో 300 గజాల స్థలంలో ఇల్లు కడుతున్నాం. పునాది లేచింది, ఇంకా శ్లాబు పడలేదు. ముందు భాగంలో లాన్, చుట్టూ మొక్కలు వేసుకోవాలని ఉంది. డిజైన్ ఉచితంగా గీసిస్తానని ఒక నర్సరీ యజమాని అంటున్నారు. ఇంటికి ఆర్కిటెక్ట్ ఉండగా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ మళ్ళీ ఎందుకు? మా వాడలో బోర్లు ఏప్రిల్‌కే ఎండిపోతాయి. (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: నర్సరీ వారు గీసిచ్చే కాగితం ఉచితమే కావచ్చు, కానీ వారి రాబడి మొక్కల అమ్మకంలో ఉంటుంది కాబట్టి ఆ కాగితం మీద మొక్కల సంఖ్య సహజంగానే పెరుగుతుంది. కడియం నుంచి లారీల్లో వచ్చే అలంకరణ మొక్కల్లో చాలావాటికి గోదావరి ఒడ్డు నేల, అక్కడి తేమ అలవాటు. మన దగ్గర మే నెల ఎండకు, పడమటి గోడ వేడికి అవి తట్టుకోవడం కష్టం. ఇందులో నర్సరీ వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. వారి పని మొక్కను బతికించి అమ్మడం. మీ స్థలంలో నీరు ఎటు నడవాలి, నేల ఎంత ఎత్తులో ఉండాలి, ఏ గదికి ఏ వేళలో నీడ కావాలి అన్నవి తేల్చడం ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పని.

ఒక చిన్న లెక్క చూడండి. మీ శ్లాబు 140 చదరపు మీటర్లు ఉంటుందనుకుంటే, ఒక్క గట్టి వానలో 40 మిల్లీమీటర్లు పడిన రోజున దాని మీది నుంచి 5,600 లీటర్ల నీరు దిగుతుంది. చాలా ఇళ్ళలో ఇంటి చుట్టూ ఉన్న ఐదారు అడుగుల జాగాను కూడా కాంక్రీటుతో మూసేసి, ఆ నీటిని పైపు ద్వారా రోడ్డు మీదికి వదిలేస్తారు. ఆ తర్వాత ఏప్రిల్‌లో ట్యాంకరుకు డబ్బు కడతారు. ఇక లాన్ విషయానికి వస్తే, ఎండాకాలంలో గడ్డికి రోజుకు సుమారు ఐదు మిల్లీమీటర్ల నీరు కావాలి. 500 చదరపు అడుగుల లాన్‌కు అది రోజుకు 230 లీటర్లు. మీ వాడలో బోర్లు ఏప్రిల్‌కే ఎండుతున్నాయంటే ఆ లాన్‌ను మీరు నిలుపుకోలేరు. కూర్చోవడానికి పది అడుగుల చదరంలో గడ్డి ఉంచుకుని, మిగతా భాగాన్ని సందులు వదిలి పరిచిన తాండూరు బండలకు, నీరు తక్కువ తాగే పొదలకు ఇవ్వండి.

పడమటి వైపు మాత్రం ఒక కానుగ గానీ పొగడ గానీ తప్పక పెట్టండి. పెద్ద చెట్లు దక్షిణ, పడమర దిక్కుల్లో ఉండాలని వాస్తు చెప్పేవారు కూడా అంటారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళతో దీనికి పేచీ రాదు. పేచీ వచ్చేది ఇంకుడు గుంత దగ్గర. ఈశాన్యంలోనే తవ్వాలని పట్టుబడితే, స్థలం వాలు నైరుతి వైపు ఉన్నప్పుడు ఆ గుంతలోకి చుక్క కూడా చేరదు. వాలును బట్టి, పునాదికి కనీసం పది అడుగుల ఎడంగా తవ్వాలి. నేల రేగడి అయితే అది తడికి ఉబ్బి ఎండకు పగిలే నేల కాబట్టి ఇంకా దూరం జరపడం మంచిది.

మీ స్థలానికి పూర్తి స్థాయి ల్యాండ్‌స్కేప్ సేవ అవసరం లేదన్నది నా అభిప్రాయం. శ్లాబు పడకముందే ఒకరిని స్థలానికి పిలిపించుకుని, నేల మట్టాలు, వాన నీటి పైపులు దిగే చోట్లు, చెట్ల స్థానాలు చూపే ఒక్క డ్రాయింగ్ గీయించుకుంటే చాలు. ఈ పనికి ఇప్పుడే వేళ. గేటు, ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు, నీటి సంపు వాటి వాటి చోట్ల కూర్చున్న తర్వాత ఎంత నిపుణులు వచ్చినా మిగిలిన సందుల్లో కుండీలు పెట్టించడం తప్ప చేయగలిగేది తక్కువ.

ప్రశ్న: మా ఊరి చెరువు కట్టను మినీ ట్యాంక్‌బండ్‌లా తీర్చిదిద్దాలని గ్రామంలో తీర్మానించుకున్నాం. కట్ట పొడవునా పేవర్ బ్లాకులు, స్టీలు రెయిలింగ్, రెండు వైపులా వరుస చెట్లు, మత్తడి (అలుగు) దగ్గర తినుబండారాల దుకాణాలు, సెల్ఫీ పాయింట్ ఉండేలా ఒక కాంట్రాక్టర్ నమూనా చూపించారు. చూడడానికి బాగుంది. ఒప్పుకోవచ్చునా? (ఒక వార్డు సభ్యుడు, నర్సంపేట ప్రాంతం)

జవాబు: ఈ నమూనాకు ఒప్పుకోవద్దని నా మనవి. దాన్ని గీసినవారు కట్టను రోడ్డుగా చూశారు. కట్ట నీటిని ఆపి నిలబెట్టే మట్టి కట్టడం. మీకు దగ్గర్లోనే ఉన్న పాఖాల చెరువు కట్ట కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దంలో వేసింది. గుట్టల మధ్య మట్టితో వేసిన ఆ కట్ట కింద నేటికీ పొలాలు పండుతున్నాయి. అంతకాలం నిలిచిందంటే కట్ట వాలు, తూము, మత్తడి ఏది ఎక్కడ ఉండాలో అక్కడ ఉండబట్టే. అందంగా తీర్చే పని వీటిలో దేనినీ కదపకుండా మొదలు కావాలి.

మత్తడి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. మన ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వానే సుమారు 1,000 మిల్లీమీటర్లు. ఆ వారంలోనే మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంతటి వాన మళ్ళీ వస్తే మీ చెరువులో అదనపు నీరు దాటిపోవడానికి ఉన్న దారి మత్తడి ఒక్కటే. దాని మీద గానీ, దాని కింది ఒర్రెలో గానీ దుకాణం కాదు కదా, బెంచీ కూడా ఉండకూడదు. రెయిలింగ్ పేరుతో మత్తడి మీద అడ్డుకడ్డీలు బిగిస్తే కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, కొమ్మలు వాటికి చిక్కుకుని నీటిమట్టం కట్ట తలదాకా లేస్తుంది. కట్ట మీద నీరు పొర్లడం మొదలైతే మట్టి గంటల్లో కోసుకుపోతుంది.

తర్వాత చెట్లు. కట్ట వాలు మీద రావి, మర్రి, జువ్వి లాంటి పెద్ద వేళ్ళ చెట్లు నాటకండి. చెట్టు బతికున్నంతకాలం గాలికి ఊగి మట్టిని వదులు చేస్తుంది. చచ్చాక లోపల వేరు కుళ్ళిన చోట సొరంగం మిగిలి, దాని గుండా నీరు ఊరుతుంది. నీటి వైపు వాలుకు రాతి కట్టు, ఆయకట్టు వైపు వాలుకు దట్టమైన గడ్డి ఉంటే చాలు. కట్ట అడుగు నుంచి కొన్ని మీటర్లు దాటాక, ఆయకట్టు వైపు సమతల నేలలో చింత, నేరేడు, కానుగ నాటుకోండి. సాయంత్రం నడిచేవారికి నీడ అక్కడి నుంచీ అందుతుంది. ఈత, తాటి చెట్లు ఉంటే వాటిని తీసేయకండి. వాటి వేళ్ళు లావెక్కకుండా గుత్తిగా ఉంటాయి, పైగా అవి గీత కార్మికుల జీవనాధారం.

ఇక బతుకమ్మ. మీ కాంట్రాక్టర్ నమూనాలో బతుకమ్మ లేదు! ఈ ఒక్క పండుగను దగ్గరగా గమనిస్తే చెరువు గట్టు ఎలా ఉండాలో చాలావరకు తేలిపోతుంది. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడవాళ్ళు పొద్దుగూకే వేళ వస్తారు, చీకటి పడ్డాక నీటిలోకి దిగుతారు. సద్దుల నాడు చేతుల్లో తాంబాళం, అందులో మోకాలెత్తు పూల గోపురం ఉంటే తన పాదం ఎక్కడ పడుతోందో ఆ మనిషికి కనిపించదు. కాబట్టి మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు మించకూడదు, వెడల్పు పద్నాలుగు అంగుళాలు ఉండాలి, అన్ని మెట్లూ ఒకే కొలతలో ఉండాలి. నున్నగా మెరిసే గ్రానైట్ పరిస్తే తడికాలు జారుతుంది. ఉలి దెబ్బ కనిపించే గరుకు రాయి కావాలి. పండుగ వచ్చేది వానలు వెనకబట్టే రోజుల్లో గనుక చెరువు అప్పుడే నిండుగా ఉంటుంది. అయినా వానలు తక్కువైన ఏడు నీరు ఐదారు అడుగులు కిందికి పోవచ్చు, అందుకని మెట్లు పూర్తి నీటిమట్టం దగ్గర ఆగిపోకుండా అంత లోతు దాకా దిగాలి. చివరి మెట్టు తర్వాత ఒక వెడల్పాటి అరుగు, అది దాటితే లోతు మొదలవుతుందని తెలిసేలా ఒక గొలుసు పెట్టించండి. దీపాలు కళ్ళలో కొట్టకుండా మెట్ల పక్క గోడల్లో మోకాలు కింద ఉండాలి.

బతుకమ్మ ఆడే జాగాకు లాన్ వద్దు, పేవర్ బ్లాకులూ వద్దు. వందలమంది వలయాలుగా చప్పట్లు కొడుతూ తిరిగే చోట గడ్డి నిలవదు, బ్లాకుల అంచులు లేస్తే వేళ్ళకు తగులుతాయి. మొరం పోసి, తడిపి, రోలరుతో తొక్కించిన సమతల నేల చాలు. మిగతా రోజుల్లో పిల్లలు అక్కడే ఆడుకుంటారు, వడ్లూ ఆరబోసుకుంటారు. చెరువు వెనక శిఖం (నీరు నిలిచే చెరువు నేల) అంచున తంగేడు పొదలు, గునుగు పెరిగే జాగా ఉంటే దాన్ని చదును చేయించకండి. చేన్లలో కలుపు మందుల వాడకం వల్ల గునుగు తగ్గిపోతూ పండుగనాటికి పూలు బజారులో కొనుక్కోవలసి వస్తున్న రోజులివి.

డ్రాయింగ్ గీయకముందే ఊళ్ళో కూర్చోబెట్టి అడగవలసినవారు కొందరున్నారు. తూము దగ్గరికి ఏ దారిన, ఏ వేళలో పోతాడో నీరటిని అడగండి. పడవలు, వలలు ఎక్కడ దింపుతారో మత్స్యకారులను, చాకిరేవు బండలు ఎక్కడున్నాయో రజకులను అడగండి. బర్రెలు నీటికి దిగే బాట ఏదో కాపరులను అడగండి. ఆ బాటను రెయిలింగ్‌తో మూసేస్తే మొదటి వారంలోనే ఆ రెయిలింగ్ విరుగుతుంది.

డిజైన్ చేసేవారినీ పని చేసేవారినీ వేరుగా పెట్టుకోవాలి. కాంట్రాక్టర్ తానే డిజైన్ గీస్తే ఘనపు మీటరు కాంక్రీటు, చదరపు మీటరు బ్లాకులు ఎక్కువ పడే డిజైనే వస్తుంది. ముందుగా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌తో సర్వే, నివేదిక, పరిమాణాల పట్టిక తయారు చేయించి, నీటిపారుదల శాఖ ఇంజనీరు దాన్ని ఆమోదించిన తర్వాతే టెండరు పిలిపించండి. నిర్వహణను కూడా అంచనాలోనే చేర్చండి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం హరితహారం కింద నాటిన మొక్కల సంరక్షణ బాధ్యతను పంచాయతీ మీదే పెట్టింది. ప్రారంభోత్సవానికి డబ్బు ఉండి, మూడో ఏటికి నీళ్ళు పోసే మనిషికి కూలి లేని పార్కులు మన జిల్లాల్లో చాలానే కనిపిస్తాయి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ప్రహరీ వెంట ఐదేళ్ళ కిందట వేసిన కోనోకార్పస్ చెట్ల వేళ్ళు డ్రైనేజీ పైపుల్లోకి చొరబడుతున్నాయి. అన్నీ ఒకేసారి కొట్టించేద్దామని కొందరు, వద్దని కొందరు వాదిస్తున్నారు. (నివాసుల సంఘం కార్యదర్శి, కాజీపేట)

జవాబు: తీసేయడమే మంచిది, కానీ ఒకేసారి వద్దు. నీరున్న చోటికల్లా వేళ్ళు పంపే గుణం వల్లా, పుప్పొడి గురించి వచ్చిన ఫిర్యాదుల వల్లా ఈ చెట్టు మీద చాలాచోట్ల వ్యతిరేకత వచ్చింది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడాన్ని నిషేధించింది. మొదటి ఏడాది పైపులకు దగ్గరగా ఉన్నవాటిని మొద్దు, వేళ్ళతో సహా తీయించి, ఆ ఖాళీల్లో గోరింట, వావిలి కలిపి కంచెగా పెంచండి. అవి తలెత్తు పెరిగాక మిగతావి తీయించవచ్చు. జాగా ఎక్కువున్న మూలల్లో పొగడ వేయండి. చెట్లు కొట్టే ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కింద అనుమతి విషయం నగరపాలక సంస్థలో రాతపూర్వకంగా తేల్చుకోండి.

ప్రశ్న: నాలుగు ఎకరాల చెల్క నేలలో మా పాఠశాల ఉంది. ప్రతి వానాకాలం మొక్కలు నాటుతాం, వేసవి తర్వాత పదింట రెండు కూడా మిగలడం లేదు. ఉదయం ప్రార్థన వేళ పిల్లలు ఎండలో నిలబడలేకపోతున్నారు. (ఒక ప్రధానోపాధ్యాయిని, హుజూరాబాద్)

జవాబు: అమ్మా, చెల్క నేలలో పైన అడుగు, అడుగున్నర ఎర్రమట్టి, దాని కింద గట్టి మొరం ఉండడం మామూలు. అడుగు లోతు గుంత తీసి మొక్క పెడితే మొదటి ఏడు బాగానే కనిపిస్తుంది, తర్వాత వేరు మొరానికి తగిలి చుట్టలు తిరుగుతుంది. ఈసారి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో ఒక గుంత తవ్వించి నీళ్ళతో నింపి మర్నాడు చూడండి. నీరు పూర్తిగా ఇంకితే నేల మంచిదే. సగం నిలిచి ఉంటే అడుగున గడ్డపారతో మొరాన్ని పగలగొట్టించాలి, లేదా నాటే చోటే మార్చాలి. గుంతలో తిరిగి పోసే మట్టిలో మూడో వంతు చెరువు పూడిక, మరో మూడో వంతు చివికిన పశువుల ఎరువు కలపండి. పూడిక మట్టి ఒక్కటే పోస్తే అది బంకగా గట్టిపడి వేరుకు గాలి ఆడదు.

సంఖ్య తగ్గించండి. ఏటా వందల మొక్కలు నాటి వదిలేయడం కంటే నలభై చెట్లను రెండు వేసవులు దాటించడం మేలు. జూన్‌లో నేల బాగా తడిసిన తర్వాత నాటి, మొక్క మొదలు చుట్టూ రెండడుగుల మేర ఎండుటాకు పరిచి, జనవరి నుంచి జూన్ దాకా వారానికి రెండుసార్లు నిండుగా నీరివ్వాలి. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది.

నీడ విషయంలో ఒక మెలకువ ఉంది. మన ప్రాంతం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి జూలై ఆఖరు వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. చలికాలంలో దక్షిణానికి బాగా వాలిపోతాడు. బడి తెరిచే జూన్‌లో దక్షిణం వైపు చెట్లు మధ్యాహ్నం ఏమాత్రం నీడనివ్వవు. ప్రార్థన మాత్రం ఉదయం వేళ గనుక, మైదానానికి తూర్పు అంచున వేప, కానుగ వరుసగా పెడితే ఆ నీడ పడమటికి సాగి పిల్లల మీద పడుతుంది. మైదానం మధ్యలో ఏమీ నాటకండి. పచ్చగన్నేరు, గన్నేరు ఆవరణలో ఎక్కడున్నా తీసేయించండి. పచ్చగన్నేరు కాయ గింజలు ప్రాణాంతక విషం, చిన్నపిల్లలు ఆ కాయలను ఏరుకుని ఆడుకుంటారు. తురాయి కొమ్మ గాలివానకు తేలిగ్గా విరుగుతుంది కనుక ఆట స్థలానికి దూరంగా ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థులు ఉన్నా లేకున్నా గేటు నుంచి తరగతి గదుల దాకా ఒక బాట, ఒకటికి పన్నెండు వాలుకు మించకుండా వేయించండి.

ప్రశ్న: వరంగల్ కోట మట్టిగోడకు దగ్గర్లో మాకు రెండెకరాల భూమి ఉంది. పర్యాటకులకు తోట, చిన్న కొలను, కూర్చునే మండపాలు ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. కాకతీయ తోరణం నమూనాతో ముఖద్వారం కూడా పెట్టాలని ఉంది. (ఒక పాఠకుడు, ఖిలా వరంగల్)

జవాబు: డిజైన్ కంటే ముందు కొలత తీయించండి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాత మరో 200 మీటర్లు అనుమతితోనే కట్టవలసిన పరిధి. మండపం, గది, స్తంభాల పందిరి లాంటివన్నీ నిర్మాణం కిందికి వస్తాయని భావించి అడుగు వేయడం క్షేమం. కొలను కోసం తవ్వే ముందు కూడా పురావస్తు శాఖకు రాయండి. మీ నేలలో గడ్డపారకు ఏం తగులుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు; ఏదైనా తగిలితే పని ఆపి తెలియజేయవలసిన బాధ్యత మీది.

తోరణం విషయంలో గట్టిగానే చెప్తున్నాను. రాతితో చెక్కిన అసలు కీర్తితోరణాలు నడక దూరంలో ఉండగా, ఫైబర్‌తోనో సిమెంటుతోనో చేసిన నకలు మీ గేటు దగ్గర ఎందుకు? వచ్చేవారికి మీరు చూపగలిగిన విలువైన దృశ్యం ఆ మట్టిగోడ, దాని వెంట ఉన్న అగడ్త. తోట ఎత్తును మోకాలి మట్టానికి ఉంచి, చెట్లను రెండు పక్కలకు జరిపి, మధ్యలో గోడ కనిపించేలా ఒక తెరిపి వదలండి. మోదుగ, రేల, తంగేడు లాంటి స్థానిక జాతులతో తోట వేస్తే ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది, నీటి ఖర్చూ తక్కువ.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కావాలంటే ఏం చదవాలి? హార్టికల్చర్ చదివితే సరిపోతుందా? (ఒక విద్యార్థిని, మంచిర్యాల)

జవాబు: మన దేశంలో ఎక్కువమంది నడిచే దారి ఐదేళ్ళ బీఆర్క్, ఆ తర్వాత రెండేళ్ళ ల్యాండ్‌స్కేప్ ఎమ్మార్క్. బీఆర్క్ ప్రవేశానికి నాటా గానీ, జేఈఈలో ఆర్కిటెక్చర్ పేపరు గానీ రాయాలి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ల్యాండ్‌స్కేప్‌లో పై చదువుకు ఢిల్లీ, విజయవాడ, భోపాల్‌లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లు, అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. హార్టికల్చర్ గొప్ప చదువే, మొక్కను అంత లోతుగా ఇంకెక్కడా నేర్పరు. దానికి సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది (మన ములుగు జిల్లా కాదు, దరఖాస్తులో పొరబడవద్దు). అయితే నేల మట్టాలు, కట్టడాలు, మురుగు, బాటలు, పరిమాణాల లెక్కలు అక్కడి పాఠ్యాంశంలో ప్రధానం కావు.

1972 నాటి ఆర్కిటెక్ట్‌ల చట్టం కింద ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో నమోదైనవారికే ఆర్కిటెక్ట్ అనే పేరు పెట్టుకునే హక్కు ఉంది. ల్యాండ్‌స్కేప్‌కు వేరుగా అలాంటి చట్టం లేదు. 2003లో ఏర్పడిన భారతీయ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ల సంఘం ఇసోలా ఈ వృత్తివారికి వేదిక. బొగ్గు గనుల మట్టి గుట్టలు, గోదావరి ఒడ్డు, జన్నారం అడవి మీ జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి గీయడానికి మీకు కొరత లేదు. గని పూర్తయ్యాక మిగిలిన నేలను తిరిగి పచ్చగా చేయడం ఈ వృత్తిలో రాబోయే పెద్ద పనుల్లో ఒకటి, మీ ప్రాంతం వారు ఆ పనిలోకి రావడం ఎంతో అవసరం.

ప్రశ్న: పన్నెండు ఎకరాల్లో లేఅవుట్ వేస్తున్నాం. ఖాళీ స్థలం వదలాలి కాబట్టి ఒక మూల ముక్క చూపించాం. అక్కడ పార్కు డిజైన్ చేయడానికి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ను పెట్టుకుంటే రుసుము ఎలా లెక్కిస్తారు, ఒప్పందంలో ఏం చూసుకోవాలి? (ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి, నిజామాబాద్)

జవాబు: మూల ముక్క చూపించాక పిలిస్తే ఆలస్యమైనట్టే, అయినా లేఅవుట్ తుది అనుమతి రాకపోతే ఇంకా సమయం ఉంది. లేఅవుట్‌లో వదలవలసిన 10 శాతం ఖాళీ స్థలాన్ని ప్లాట్లు పడగా మిగిలిన వంకర ముక్కలో కాకుండా, నీరు సహజంగా చేరే చోట వదలండి. అందుకు ముందుగా అర మీటరు తేడాతో ఎత్తుపల్లాల సర్వే చేయించాలి. ఆ పల్లాన్ని మీరు మట్టి పోసి ప్లాట్లుగా అమ్మితే కొనుక్కున్నవారి ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. 2020 ఆగస్టులో వరంగల్ కాలనీలు మునగడానికి నాలాలు ఇరుకు కావడం, పల్లపు నేలల్లో ఇళ్ళు రావడం ఎంతగా కారణమయ్యాయో అక్కడివారికి తెలుసు. పక్కన చెరువు గానీ కుంట గానీ ఉంటే దాని పూర్తి నీటిమట్టం హద్దును నీటిపారుదల శాఖతో వేయించుకోండి. 2012 నాటి భవన నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి.

రుసుమును కొందరు పని విలువలో శాతంగా, కొందరు చదరపు అడుగుకు ఇంత అని, కొందరు గుత్తగా తీసుకుంటారు. మీ లాంటి పనికి గుత్త రుసుమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే శాతం లెక్కలో ఖర్చు తగ్గించినవారికి రుసుమూ తగ్గుతుంది. ఆ మొత్తాన్ని దశలుగా పంచండి: తొలి నమూనాకు కొంత, పని చేయించడానికి వీలైన పూర్తి డ్రాయింగ్‌లు, పరిమాణాల పట్టిక అందాక ఎక్కువ భాగం, స్థలానికి వచ్చి పర్యవేక్షించినందుకు కొంత. చివరి భాగాన్ని నాటిన మొక్కలు ఒక వేసవి దాటాక చెల్లించేలా రాసుకోండి. ఎన్నిసార్లు స్థలానికి వస్తారు, మార్పులు ఎన్నిసార్లు ఉచితం, నీటి పైపుల, విద్యుత్ డ్రాయింగ్‌లు ఎవరివి అన్నవి ఒప్పందంలో లేకపోతే తర్వాత గొడవలు వస్తాయి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ సూచించిన నర్సరీ నుంచో, బండల వ్యాపారి నుంచో వారికి కమీషన్ అందకూడదని కూడా రాయించండి. ఆర్కిటెక్చర్ కౌన్సిల్ 1989లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నియమాలు దాన్ని ఎలాగూ నిషేధిస్తున్నాయి.

ఆ ఖాళీ స్థలాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించేటప్పుడు మొక్కల పట్టిక, నీటి పైపుల నక్షా, ఇంకుడు గుంతల స్థానాలు చూపే డ్రాయింగ్‌ను కూడా జతచేసి ఒక ప్రతి కాలనీ సంఘానికి ఇవ్వండి. పార్కులో వాల్వు ఎక్కడుందో తెలియక తోట ఎండబెట్టుకున్న కాలనీల వాళ్ళు ఈ శీర్షికకు ఇప్పటికీ ఉత్తరాలు రాస్తున్నారు.